గయానా 8 రోజుల్లో, అమ్మానాన్నలతో: వెళ్ళొచ్చు, జూన్‌లో మాత్రం వద్దు

మీరు అడిగింది ఇదీ: న్యూజెర్సీలో ఉంటున్నారు. మీ దంపతులు, తొమ్మిదేళ్ళ పాప, తెనాలి నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలు (61, 64), మొత్తం ఐదుగురు. బడి సెలవులివ్వగానే జూన్ చివర్లో 8 రోజులు దక్షిణ అమెరికాలోని గయానా వెళ్ళి కైటూర్ జలపాతం, వానడవి, మనవాళ్ళు చెరకు తోటల్లో కూలికి వెళ్ళిన చోట్లు చూడాలనుకుంటున్నారు. అందరూ శాకాహారులు. సాధ్యమేనా, దేన్ని వదిలేయాలి?

సూటిగా చెప్తాను. సాధ్యమే. జూన్ వదిలేసి ఆగస్టు రెండో సగానికి మార్చుకోండి. కైటూర్, ఒక్క అడవి బస, తూర్పు వైపున్న బెర్బీస్ తీరం, ఈ మూడింటితో ఆపేయండి. దక్షిణాన రూపునూని గడ్డిమైదానాలన్నీ తిరగడం, పక్కనున్న సురినామ్‌లో కాలు పెట్టి రావడం ఈసారికి వద్దు. టికెట్ల కంటే ముందు మీ అమ్మానాన్నల యెల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే జ్వరం) టీకా గురించి డాక్టర్‌తో మాట్లాడండి. అది తేలకుండా డబ్బు కట్టకండి.

నేను గయానా రాజధాని జార్జ్‌టౌన్‌లో ఒక మెడికల్ కాలేజీలో ఆరేళ్ళు ఫిజియాలజీ చెప్పాను. మాది కోనసీమ. మా విద్యార్థుల్లో తెలుగు పిల్లలు బోలెడంతమంది, వాళ్ళని చూడ్డానికి వచ్చే తల్లిదండ్రులూ ఎక్కువే. వచ్చినవాళ్ళని ఊరు తిప్పే పని ఎలాగో నా మెడకి చుట్టుకుంది. మీలాంటి కుటుంబాలతో ఏది కుదురుతుందో, ఏది కుదరదో ఆ తిరుగుడులోనే తెలిసింది.

జూన్ ఎందుకు వద్దంటే. తీరం వైపు ఏడాదికి రెండు వానాకాలాలు. మేలో మొదలై ఆగస్టు నడిమి దాకా పెద్దది, డిసెంబరు, జనవరిల్లో చిన్నది. లోపలి గడ్డిమైదానాలకి మే నుంచి ఆగస్టు దాకా ఉండే వానలే వానలు. జూన్‌లో కైటూర్ నిండుగా దూకుతుంది, నిజమే. కానీ అక్కడికి మామూలుగా వెళ్ళేది పన్నెండు మంది పట్టే చిన్న విమానంలో. మబ్బు దిగితే అది ఎగరదు. ఎగిరినా లోయ నిండా పొగమంచే.

ఒక జూన్‌లో విజయవాడ నుంచి వచ్చిన దంపతులని తీసుకెళ్ళాను. రెండు రోజులు పొద్దున్నే విమానాశ్రయానికి వెళ్ళడం, మధ్యాహ్నం దాకా కూర్చోవడం, తిరిగి రావడం. మూడో రోజు ఎగిరాం. జలపాతం ఎదురుగా నిలబడితే చప్పుడు తప్ప ఏమీ లేదు, తెల్లటి గోడ. గంట తర్వాత నాలుగంటే నాలుగు నిమిషాలు తెర తొలిగింది. ఆవిడ అది చాలంది. ఆయన ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా దెప్పుతారు.

అలాగని బాగా ఎండిన కాలం చూసుకుని వెళ్ళినా లాభం లేదు. ఒకసారి అక్టోబరు ఆఖర్లో వెళ్తే నీరు ఒక పక్కకి ఒదిగిపోయి, అంచు పొడుగునా సగం రాయి బయటపడి ఉంది. ఆగస్టు చివరైతే వానలు వెనకబడతాయి, నదిలో నీరు ఇంకా ఉంటుంది, రోడ్లు ఆరడం మొదలవుతుంది. పాప బడి సెప్టెంబరు మొదట్లో కదా తెరిచేది, సరిపోతుంది.

కైటూర్ సంగతి. పొటారో నది ఒక్క దూకుడులో 226 మీటర్లు పడుతుంది. పాపకి నయాగరా చూపించే ఉంటారు, దాని ఎత్తుకి నాలుగింతలు పైనే. అయితే ఎత్తు కంటే నాకు గుర్తుండేది ఆ నీటి రంగు. రాలిన ఆకులు ఊరి ఊరి ఆ నది అచ్చం టీ డికాక్షన్‌లా ఉంటుంది. అంచు దగ్గర ఎండ పడితే బెల్లం పాకం రంగు, కింద పడేటప్పటికి తెల్లటి పొడి. చుట్టూ దుకాణాల్లేవు, లైట్లు లేవు, చాలాసార్లు మన విమానంలో వచ్చినవాళ్ళు తప్ప మనిషి కనపడడు.

ఇంకోటి కూడా లేదు: కంచె. రెయిలింగు, తాడు, ఏమీ ఉండవు. గైడ్ ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగాలి, పాప చెయ్యి మీలో ఒకరు వదలకూడదు. అమ్మకి ఎత్తులంటే భయమని రాశారు కదా, కంగారు పడక్కర్లేదు. చూసే చోట్లు మూడున్నాయి, వాటి మధ్య నడక అంతా కలిపినా పెద్దది కాదు. కాస్త దూరంగా ఉండే మొదటి చోటు నుంచే జలపాతం నిలువెత్తున కనపడుతుంది. ఆవిడ అక్కడ కూర్చుని చూడొచ్చు.

దారిలో మనిషి కంటే ఎత్తు పెరిగే అనాస జాతి మొక్కలుంటాయి. చూడ్డానికి మొగలిపొదల్లా ఉంటాయి. వాటి ఆకుల మొదట్లో నిలిచే వాననీటిలో బంగారు రంగు కప్పలు బతుకుతాయి, బొటనవేలి గోరంత. గుడ్డు పెట్టడం, పిల్లలు పెరగడం, అంతా ఆ దొప్పలోనే. పాప జలపాతం కంటే వీటి దగ్గరే ఎక్కువసేపు నిలబడినా ఆశ్చర్యం లేదు. అదృష్టం ఉంటే కనకాంబరం రంగు పక్షి ఒకటి కొమ్మ మీద కూర్చుని కనపడుతుంది, కాక్ ఆఫ్ ది రాక్ అంటారు. నెత్తి మీద విసనకర్ర గుచ్చుకున్నట్టు ఉంటుంది.

పేరు వెనక పటమోనా తెగవాళ్ళ కథలు రెండున్నాయి. ఒకటి, కై అనే పెద్దాయన తన జనాన్ని కాపాడుకోవడానికి దేవుడికి బలిగా పడవతో సహా దూకేశాడని. రెండోది, కాళ్ళనిండా పురుగులు పట్టిన ఒక ముసలాయన్ని భరించలేక చుట్టాలే పడవలో పెట్టి నెట్టేశారని. గైడ్లు మొదటిదే చెప్తారు. రెండోది అడగండి, నవ్వుతూ చెప్తారు.

ఇక పద్ధతులు. విమానం ఎక్కేముందు మనిషి బరువు కూడా తూస్తారు, అదీ అందరి ముందూ. అమ్మకి ముందే చెప్పి ఉంచండి. ఎగరడానికి సరిపడా జనం కుదరకపోతే ట్రిప్పు వాయిదా పడుతుంది, శని ఆదివారాల్లో కుదిరే అవకాశం ఎక్కువ. ప్రయాణం ఒక వైపు గంట, కింద ఉండేది సుమారు రెండు గంటలు. మనిషికి 200 డాలర్ల పైనే పెట్టుకోండి. ముఖ్యంగా, దీన్ని మీ 8 రోజుల్లో మొదట్లోనే పెట్టుకోండి. ఒకసారి ఆగిపోయినా తర్వాత ఇంకో రోజు చేతిలో ఉంటుంది. ఆఖరి రోజుకి అట్టిపెట్టుకుని, చూడకుండానే న్యూయార్క్ విమానం ఎక్కినవాళ్ళు నాకు మూడు కుటుంబాలు తెలుసు.

అడవిలో ఎక్కడ ఉండాలి. నా ఓటు ఇవోక్రామాకి. 3,71,000 హెక్టార్ల అడవి. 1989లో కౌలాలంపూర్‌లో జరిగిన కామన్వెల్త్ సమావేశంలో అప్పటి గయానా అధ్యక్షుడు డెస్మండ్ హోయిట్, ఈ అడవిని ప్రపంచం ముందు ఒక ప్రయోగంగా పెడతానన్నాడు. అడవిని నరికేయకుండానే దాని మీద బతకొచ్చా అన్నది తేల్చడానికి. 1996లో చట్టం వచ్చింది. కొంత భాగం ముట్టుకోకుండా వదిలేశారు, కొంత భాగంలో లెక్క ప్రకారం కలప కొడతారు, పర్యాటకం నడుపుతారు. చుట్టుపక్కల మకూషి తెగ ఊళ్ళవాళ్ళే గైడ్లు, రేంజర్లు. పక్షిని వీళ్ళు ముందు చెవితో పడతారు, తర్వాత మనకి వేలితో చూపిస్తారు.

ఎసెక్వీబో నది ఒడ్డునే బస ఉంది. చెట్ల కొమ్మల ఎత్తున కట్టిన వేలాడే దారి ఒకటుంది, పొడవు 154 మీటర్లు, ఎత్తు 30 మీటర్ల దాకా. తెల్లవారకముందే అక్కడికి చేరాలి. ఎర్ర హౌలర్ కోతులు అరవడం మొదలుపెడితే గాలివాన వస్తోందేమో అనిపిస్తుంది. దాన్ని ఎక్కడానికి కొండదారి, మెట్లు ఉన్నాయి. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులన్నారు కాబట్టి ఆయన్ని అక్కడ బలవంతపెట్టకండి. రాత్రి పడవలో టార్చ్ పట్టుకుని మొసళ్ళ కళ్ళు వెతకడం ఉంటుంది, అది ఆయన కూర్చునే చూడొచ్చు.

జాగ్వార్ కనపడుతుందా అని అడిగారు. ఆరేళ్ళలో నాకు రెండుసార్లు కనపడింది, రెండుసార్లూ రోడ్డు దాటుతూ, కారులోంచే. వానడవి ఆఫ్రికా సఫారీ లాంటిది కాదండి. జంతువులు ఉంటాయి, కనపడవు. ఈ మాట ముందే అనుకుని వెళ్తే చీమల బారు కూడా బాగుంటుంది, అనుకోకుండా వెళ్తే మూడో రోజుకి విసుగొస్తుంది.

రోడ్డు మీద మాత్రం వెళ్ళకండి. లిండెన్ ఊరు దాటాక నేనున్న రోజుల్లో చాలా మటుకు ఎర్రమట్టి దారే, వాన పడిందంటే ఎన్ని గంటలు పడుతుందో చెప్పలేం. కుర్రాళ్ళు రాత్రి మినీబస్సులో పడి వెళ్తారు, నేనూ వెళ్ళాను, నడుం రెండు రోజులు నాది కాదు. మీకు ఐదుగురున్నారు కాబట్టి చిన్న విమానం సంగతి బసవాళ్ళనే అడగండి. చవక కాదు. ఈ ట్రిప్పులో డబ్బు ఎక్కడైనా పొయ్యాలంటే మాత్రం ఇక్కడే పొయ్యండి.

బసల్లో ఏసీలుండవు, దోమతెరలుంటాయి. కరెంటుకి వేళలుంటాయి, పాప టాబ్లెట్ గురించి ముందే సంధి చేసుకోండి. నల్లనీటి నదుల దగ్గర దోమలు అనుకున్నంత ఉండవు. గడ్డిలో ఉండే బెట్ రూజ్ అనే కంటికానని పురుగులే ఇబ్బంది, సాక్సుల అంచు కింద కుట్టి వారం రోజులు గోకిస్తాయి. ప్యాంటు కొస సాక్సులోకి దోపుకుని నడవండి, అందంగా లేకపోయినా పర్వాలేదు.

ఇప్పుడు మన వారసత్వం. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చింది ఇదే, కాస్త సరిదిద్దాల్సిందీ ఇదే. 'తెలుగువాళ్ళ గుళ్ళు, తెలుగు మాట్లాడేవాళ్ళు ఎక్కడున్నారు' అని అడిగారు. తెలుగు మాట్లాడేవాళ్ళు లేరు. తెలుగు ఇంకా నిలిచి ఉన్న మారిషస్‌ని మనసులో పెట్టుకుని వెళ్తే నిరాశే.

జరిగింది ఇదీ. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకి మనుషులు కావలసి వచ్చారు. 1838 మే 5న విట్‌బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు కలకత్తా నుంచి కూలీలతో అక్కడ ఒడ్డుకి చేరాయి. 1917 దాకా సుమారు 2,39,000 మంది వచ్చారు. ఎక్కువమంది ఇప్పటి ఉత్తరప్రదేశ్, బీహార్ ప్రాంతాలవాళ్ళు. మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్ళు చాలా తక్కువ. వాళ్ళలో తమిళులున్నారు, తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ దిగాక అందరూ ఒకటే పేరు కింద పడ్డారు: మద్రాసీలు. భాషలు రెండు మూడు తరాల్లో పోయాయి. పేర్లు మిగిలాయి, రామ్‌సామి, వీరసామి, మునిసామి అంటూ. 2015 నుంచి 2020 దాకా ప్రధానమంత్రిగా ఉన్న మోజెస్ నాగముత్తూ కుటుంబం కూడా బెర్బీస్ ప్రాంతపు మద్రాసీలే.

పేర్లతో పాటు మిగిలింది అమ్మవారు. బెర్బీస్ వైపు కాళీమాయి గుళ్ళున్నాయి, మద్రాసీ సంప్రదాయం అంటారు. నేను మొదటిసారి ఒక ఆదివారం వెళ్ళాను. గుడి బయట చిన్న మంట వేసి కుర్రాళ్ళు డప్పులు కాచుతున్నారు, మా ఊళ్ళో జాతర రోజు కాచినట్టే. దాన్ని ఏమంటారని అడిగితే 'తప్పు' అన్నారు. మన తప్పెట! లోపల వేపమండలు, పసుపునీళ్ళు, మారియమ్మ. పాటల్లో తమిళం ముక్కలు, వాటి అర్థం పాడేవాళ్ళకే తెలీదు, కానీ ఒక్క అక్షరం తప్పిపోనివ్వరు. పూనకం వస్తే 'అమ్మ ఆడుతోంది' అంటారు, అదీ వాళ్ళ క్రియోల్ ఇంగ్లీషులో. ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి నువ్వు మద్రాసు నుంచా అన్నాడు. కాదండి, ఇంకా పైన, గోదావరి అన్నాను. ఆ పేరు ఆయనెప్పుడూ వినలేదు. కాసేపు ఆలోచించి, "ఓడ ఎక్కింది మద్రాసులోనే కదా, అయితే ఒకటే" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

మీకు జాగ్రత్తలు రెండు. కొన్ని గుళ్ళలో కోళ్ళని, మేకలని బలి ఇస్తారు. మీవాళ్ళు చూడలేరనుకుంటే ఆ రోజు ఉంటుందేమో ముందే కనుక్కోండి. అడగకుండా ఫోటోలు తియ్యకండి. ఇంకో మాట, 'కూలీ' అన్న మాట అక్కడ ఇంకా వినిపిస్తుంది. వాళ్ళలో వాళ్ళు అనుకుంటారు, మనం అనకూడదు.

అయినా నన్నడిగితే కూలికి వెళ్ళినవాళ్ళ అసలు గుర్తు గుడి కాదు, నేల. గయానా తీరం పోటు సమయంలో సముద్ర మట్టానికి కిందే ఉంటుంది. జనాభాలో చాలా భాగం ఆ సన్నటి పట్టీ మీదే బతుకుతారు. డచ్చివాళ్ళ కాలంలో కట్టడం మొదలుపెట్టిన సముద్రపు గోడలు, కాలువలు, కోకర్లు అనే తలుపులు దాన్ని నిలబెడుతున్నాయి. ఆటు వచ్చినప్పుడు కోకర్ ఎత్తి చేలల్లో నీరు సముద్రంలోకి వదులుతారు, పోటుకి దించేస్తారు. కోనసీమలో లాకుల మధ్య పెరిగినవాణ్ణి కదా, మొదటిసారి కోకర్ చూసినప్పుడు నాకు పరిచయం అక్కర్లేకపోయింది. తేడా ఏమిటంటే మన లాకులు గోదావరి నీళ్ళని పొలానికి తెస్తాయి, వాళ్ళవి పొలం మునిగిపోకుండా నీళ్ళని బయటికి పంపుతాయి.

ఆ కాలువలు తవ్విందెవరు? ముందు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. వాళ్ళు పారలతో ఎత్తిపోసిన బురద పది కోట్ల టన్నులని ఆ దేశపు చరిత్రకారుడు వాల్టర్ రోడ్నీ రాశాడు. వాటిని పూడిపోకుండా తర్వాత కాపాడింది కూలీలుగా వచ్చినవాళ్ళు. కాబట్టి జార్జ్‌టౌన్ నుంచి బెర్బీస్ వెళ్ళే దారిలో డ్రైవర్‌ని ఒక కోకర్ దగ్గర పావుగంట ఆపమనండి, ఆటు వేళైతే మరీ మంచిది. ఆ దారిలోనే, పాల్మైరా దగ్గర కూలీల స్మారకం కూడా ఉంది. ఇంకో రోజు అదే దారిలో మహైకా నది మీద పొద్దున్నే పడవ ఎక్కితే హొయాట్జిన్ పక్షుల్ని చూడొచ్చు, అది వాళ్ళ జాతీయ పక్షి. ఆవులాగా ఆకుల్ని కడుపులో పులియబెట్టుకుని అరిగించుకుంటుంది, అందుకే పేడ వాసన వస్తుందంటారు. పిల్లలకి రెక్కల మీద గోళ్ళుంటాయి. పాపకి చెప్పకుండా ఉంచి అక్కడే చూపించండి.

రికార్డుల గురించి. రోడ్నీ పేరు మీదే ఉన్న జాతీయ పత్ర భాండాగారం జార్జ్‌టౌన్‌లో ఉంది. ఓడల వారీగా కూలీల రిజిస్టర్లు అక్కడున్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు రాసి ఉంటాయి. ఫిజీ, సురినామ్, ట్రినిడాడ్ రికార్డులతో కలిపి వీటిని యునెస్కో 2011లో ప్రపంచ జ్ఞాపకాల పట్టికలో చేర్చింది. మీ నాన్నగారి తాతగారి అన్న 'డెమరా' వెళ్ళి తిరిగి రాలేదని ఇంట్లో చెప్పుకుంటారని రాశారు. గయానాలోని డెమెరారా ప్రాంతం పేరే నోట్లో నలిగి అలా అయ్యుంటుంది కాబట్టి అది నిజమే కావచ్చు. కానీ ఓడ పేరో, కనీసం ఏడాదో తెలియకుండా పేరు పట్టుకుని వెతికితే దొరకడం కష్టం. పేర్లన్నీ చెవిన పడ్డట్టు రాసేశారు, వెంకన్న ఏ రూపంలో ఉన్నాడో ఎవరు చెప్పగలరు! ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఏడాది ఎంత దగ్గరగా తేలితే అంత మంచిది. పని రోజుల్లోనే తెరుస్తారు, ముందు ఉత్తరం రాసుకుని వెళ్ళండి.

జార్జ్‌టౌన్ ఊరికి ఒకటిన్నర రోజు చాలు. సెయింట్ జార్జ్ కెథడ్రల్ పూర్తిగా కొయ్యతో కట్టింది, 43 మీటర్ల ఎత్తు, 1892లో తెరిచారు. 1881 నాటి స్టాబ్రోక్ మార్కెట్ గడియారపు గోపురం బయటి నుంచి చూడండి, లోపలికి వెళ్తే పర్సు ముందు జేబులో పెట్టుకోండి, చీకటి పడ్డాక ఆ వైపు వద్దు. నేషనల్ పార్కు కుంటలో మనాటీలనే పెద్ద నీటి జంతువులుంటాయి, గడ్డి పీకి చేత్తో తినిపించొచ్చు. సముద్రం మాత్రం నీలంగా ఉండదు, అమెజాన్ మోసుకొచ్చే ఒండ్రు వల్ల గోధుమ రంగు. బీచ్ బట్టలు సర్దుకోకండి.

తిండి. తీరంలో మీకు ఇబ్బందే లేదు. దాల్ పూరీ, రోటీ, శనగల కూర ప్రతి వీధిలో. మన అలసంద కాయల్లాంటి పొడుగు చిక్కుళ్ళని బోరా అంటారు, మునగకాయని సైజన్ అంటారు. ఏదైనా పూజకో పెళ్ళికో పిలిస్తే వదులుకోకండి, తామరాకు లాంటి పెద్ద ఆకులో ఏడు కూరల భోజనం పెడతారు, గుమ్మడి, మామిడి, పనసని పోలిన కటహర్, అన్నీ ఒకదానిలోకి ఒకటి పారుతూ. చేత్తోనే తినాలి. మీ నాన్నగారికి ఆ రోజు నచ్చుతుందని నా నమ్మకం.

అడవి బసల్లో వెజిటేరియన్ అంటే 'చేప తింటారు కదా' అని అడుగుతారు. చేప వద్దు, గుడ్డు వద్దు, మాంసం ఉడికించిన నీళ్ళు వద్దు అని విడివిడిగా రాసి పంపండి. అయినా అన్నం, చిక్కుడు గింజలు, కర్రపెండలం రొట్టెతో మూడు రోజులు గడపాల్సి రావచ్చు. కందిపొడి పాకెట్లు, సీలు తీయని ఆవకాయ సీసా వెంట ఉండనివ్వండి. మకూషి వంటావిడ ఒకామె నా ఆవకాయ రుచి చూసి, వాళ్ళ మిరపకాయల ముందు ఇదేం కారం అంది. విరి విరి అనే చెర్రీపండంత మిరపకాయ తిన్నాక నేను ఒప్పుకున్నాను.

మీకు ఇంకో సౌకర్యం ఉంది. వెళ్ళేముందు ఒక ఆదివారం న్యూయార్క్‌లోని క్వీన్స్‌కి, రిచ్‌మండ్ హిల్‌లో లిబర్టీ ఎవెన్యూకి వెళ్ళండి. లిటిల్ గయానా అంటారు. అక్కడ తిని చూస్తే మీవాళ్ళకి ఏది పడుతుందో ముందే తెలిసిపోతుంది.

కాగితాలు, టీకాలు. ఇది చదవకుండా దాటేయకండి.

ఇండియా పాస్‌పోర్టుకి గయానా వీసా కావాలి, అమెరికా పాస్‌పోర్టుకి అక్కర్లేదు. అమ్మానాన్నల అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా చూడండి. మీరు హెచ్‌1బీ మీద ఉండి, పాస్‌పోర్టులో స్టాంపు గడువు అయిపోయి ఉంటే, కెనడా, మెక్సికోలకి వెళ్ళొచ్చేవాళ్ళకి ఉండే సడలింపు గయానాకి వర్తించదు. వెళ్ళాక తిరిగి రావడానికి స్టాంపింగ్ చేయించుకోవాల్సి వస్తుంది.

యెల్లో ఫీవర్ టీకా బతికున్న వైరస్‌తో చేసేది. 60 దాటినవాళ్ళకి మొదటిసారి వేసేటప్పుడు తీవ్రమైన దుష్ఫలితాలు, అరుదే అయినా, కుర్రవాళ్ళ కంటే ఎక్కువ. నేను డాక్టర్నే గానీ మీ డాక్టర్ని కాను, కాబట్టి వెయ్యాలా వద్దా అన్నది వాళ్ళ మందుల చీటీ చూసి ట్రావెల్ క్లినిక్‌వాళ్ళు తేల్చాలి. గుడ్డు ఎలర్జీ ఉంటే చెప్పాలి. వేయించుకోకూడదని తేలితే నా సలహా, అమ్మానాన్నలని అడవికి తీసుకెళ్ళకండి, ఈసారి ట్రిప్పే మార్చుకోండి. దోమతెరల మీద భారం వేసే విషయం కాదు ఇది. అడవిలో మలేరియా ఉంది, మాత్రల గురించి కూడా అదే రోజు అడిగేయండి.

టీకా కార్డు, టీకా వేసిన పది రోజుల తర్వాతే చెల్లుతుంది, ఆపైన జీవితాంతం. గయానాలాంటి దేశం నుంచి బయల్దేరి ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగేవాళ్ళు ఆ పసుపు రంగు కార్డు చూపించాలి, లేకపోతే క్వారంటైన్. మా విద్యార్థి ఒకడు అక్క పెళ్ళికి బయల్దేరి కార్డు హాస్టల్ సొరుగులో మర్చిపోయాడు. టీకా వేయించుకున్నాడు, ఫోటో ఫోన్‌లో ఉంది, ఒప్పుకోలేదు. పెళ్ళి వీడియో కాల్‌లో చూశాడు. మీవాళ్ళు న్యూజెర్సీలో వారం పైన ఆగి వెళ్తారు కాబట్టి ఆ నియమం పడదు, అయినా కార్డు పాస్‌పోర్టుతో పాటే ఉంచండి.

వెనిజులా గొడవ గురించి మీ ఆవిడ అడిగారట. ఎసెక్వీబోకి పడమటి భాగమంతా, అంటే దేశంలో మూడింట రెండు వంతులు, తనదేనని వెనిజులా అంటుంది, కేసు అంతర్జాతీయ న్యాయస్థానంలో ఉంది. మ్యాపు చూస్తే కైటూర్, ఇవోక్రామా రెండూ ఆ భాగంలోనే పడతాయి. నేనున్న రోజుల్లో ఆ చోట్ల దాని జాడ ఏమీ కనపడలేదు. ప్రయాణం ముందు అమెరికా ప్రభుత్వ సూచన ఒకసారి చూసుకోండి, వెనిజులా సరిహద్దు వైపు మాత్రం పోకండి.

డబ్బు సంగతి. 2019 చివర్లో సముద్రంలో చమురు తీయడం మొదలయ్యాక జార్జ్‌టౌన్‌లో హోటళ్ళ ధరలు పెరిగిపోయాయి, ఆలస్యం చేస్తే మంచి గదులు కంపెనీలవాళ్ళకి పోతాయి. ఊరు దాటితే కార్డు చెల్లదు, నగదు ఉంచుకోండి. ఒక అమెరికా డాలరుకి 200 పైచిలుకు గయానా డాలర్లు వస్తాయి, లెక్కపెట్టుకోవడం సులువు.

రోజుల లెక్క నేనైతే ఇలా వేస్తాను. శుక్రవారం దిగండి. శనివారం కైటూర్, కుదరకపోతే ఆదివారం. కుదిరితే ఆదివారం బెర్బీస్, గుడి, కోకర్. సోమవారం భాండాగారం, ఊరు. మంగళవారం నుంచి గురువారం దాకా ఇవోక్రామా. శుక్రవారం పొద్దున మహైకా పడవ, రాత్రికి తిరుగు విమానం. గురువారం సాయంత్రానికల్లా జార్జ్‌టౌన్ చేరిపోవాలి, శుక్రవారం పొద్దున అడవిలోంచి బయల్దేరి రాత్రి న్యూయార్క్ విమానం అందుకుందామనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. టీకా విషయం తేలాక తేదీలు ఇక్కడే రాయండి, ఆ ఆదివారం బెర్బీస్‌లో పూజ ఉందో లేదో తెలిసినవాళ్ళని అడిగి చెప్తాను.